ఎనిమిదో పట్టా

సోమవారం, శుక్రవారం చెంచురామయ్యతో పని పెట్టుకోకూడదని గండిపాలెంలో ఎవరినడిగినా చెప్తారు. ఆ రెండు రోజులూ ఆయన కొండమీద ఉంటాడు. పొద్దున్నే చద్దన్నం తిని, నీళ్ల సీసా, రెండు పాత పంచె ముక్కలు, కొడవలి, గడ్డి మోపు కట్టుకోవడానికి ఒక నీలం టార్పాలిన్ పట్టా సంచిలో పెట్టుకుని బయలుదేరతాడు. ఆయన భార్య కోటేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి, "ఎల్లు, ఎల్లు. ఇంట్లో ఫ్యాను రెక్కల మీద దుమ్ము జానెడు పేరుకుంది. అది మాత్రం నీ కంటికి ఆనదు" అని ఊరందరికీ వినపడేలా సాగనంపుతుంది. ఆయన వెనక్కి తిరిగి చూడడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో నేర్చుకున్న తెలివి అదొక్కటే.

ఊరు వినుకొండకు పడమరగా, మిరప చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఊరి వెనక సద్దిరాయి కొండ. పైన బల్లపరుపు బండ ఒకటుంది. పశువులు కాసేవాళ్లు దాని మీద కూర్చుని సద్దిమూటలు విప్పుకునేవాళ్లు కనక ఆ పేరు. ఇప్పుడు ఆ బండ పక్కన ఒక ఇనుప స్తంభం, దాని నెత్తిన సోలార్ పలక, పలక కింద తెల్ల పెట్టె, పెట్టెకు చిన్న ఆకుపచ్చ లైటు ఉన్నాయి. కొండకు అవతలి లోయలో ఇరవై రెండు చెట్లకు అరచేయంత డబ్బాలు కట్టారు. పొగ తగిలినా, వేడి పెరిగినా అవి పసిగడతాయి. కానీ వాటి గొంతు చిన్నది, నాలుగైదు కిలోమీటర్లు దాటదు. కొండమీది పెట్టె వాటి మాట విని, ఫోను సిగ్నల్ అందుకుని అటవీ ఆఫీసుకూ, ఒంగోలులో ఉండే ఇంజనీరుకూ చేరవేస్తుంది. దాన్ని గేట్‌వే అంటారని ఆ ఇంజనీరు ప్రసన్నకుమార్ చెప్పాడు. ఊళ్లో మాత్రం అది కొండమీది పెట్టె. నోరు తిరిగినవాళ్లు కూడా అలాగే అంటారు.

చెంచురామయ్యకు అప్పగించిన పని పెద్దదేం కాదు. వారానికి రెండుసార్లు పలక మీద దుమ్ము తుడవాలి, చుట్టూ గడ్డి కోయాలి, ఆకుపచ్చ లైటు మినుకుమంటోందో లేదో చూసి ఒక ఫోను చెయ్యాలి. గంటలో అయిపోయే పనిని ఆయన మధ్యాహ్నం దాకా చేస్తాడు. ముందు పొడిగుడ్డ, తర్వాత తడిగుడ్డ, మళ్లీ పొడిగుడ్డ. పిట్ట రెట్ట కనిపిస్తే ఆ పిట్టను వంశంతో సహా తిడతాడు. అన్నీ అయ్యాక బండ మీద కూర్చుని, లైటు నిమిషానికోసారి వెలుగుతుంటే చూస్తూ ఒక చుట్ట... లేదు, చుట్ట కాల్చడు. ఆ పెట్టె వచ్చాక కొండమీద చుట్ట మానేశాడు. పొగ చూసి అది కంగారు పడుతుందేమోనని ఆయన భయం. చెట్లకు కట్టిన డబ్బాలే గానీ పెట్టె పొగ చూడదని ప్రసన్నకుమార్ ఎంత చెప్పినా వినలేదు.

ఇనుప స్తంభం మీద ఇంత ప్రేమేమిటని మీరడగొచ్చు. ఊరూ అడిగింది. బుడే మాత్రం అడగలేదు.

బుడే, చెంచురామయ్య ఒకే ఈడువాళ్లు. మిరప కోతలు ముగిశాక ఏటా ఎండాకాలం నాలుగు నెలలూ ఇద్దరూ అడవిలో నిప్పు కాపలాకు కుదిరేవాళ్లు. పొగ కనిపిస్తే ఒకడు పచ్చికొమ్మలు విరిచి మంటను కొడుతూ ఉండాలి, రెండోవాడు ఊళ్లోకి పరిగెత్తి కబురు చెయ్యాలి. అప్పట్లో లోయలో ఫోను పలికేది కాదు. పన్నెండేళ్ల కిందట, వైశాఖమాసంలో, వాగు పక్కన బోదగడ్డి అంటుకుంది. బుడే కొమ్మ పట్టుకున్నాడు. చెంచురామయ్య ఏడు కిలోమీటర్లు రాళ్లలో, ముళ్లలో చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. జీపు వచ్చేసరికి గాలి తిరిగింది. బుడే బతికాడు. కానీ రెండు చేతుల వేళ్లూ లోపలికి ముడుచుకుపోయాయి. ఊపిరితిత్తుల్లో పొగ మిగిలిపోయింది. నాలుగు మెట్లెక్కితే దగ్గు. ఇప్పటికీ టీ గ్లాసును వేళ్లతో కాదు, రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకుంటాడు. అప్పుడు చెంచురామయ్య ఇంకెటో చూస్తాడు.

"నువ్వు పరిగెత్తబట్టే బతికానురా" అంటాడు బుడే. చెంచురామయ్య ఆ మాట ఒక్కనాడూ నమ్మలేదు. ఇంకా వేగంగా పరిగెత్తి ఉండాల్సిందని ఆయన లెక్క.

అందుకే, పెట్టె బిగించిన రోజు ప్రసన్నకుమార్ "ఇక్కణ్నుంచి ఆఫీసుకు కబురు పోవడానికి రెండు క్షణాలండీ" అన్నప్పుడు ఆయన ఆ స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత, "అంటే, ఆ పరుగు ఇది పరిగెత్తుద్దన్నమాట" అన్నాడు. ఇంజనీరుకు అర్థం కాలేదు. పక్కన ఉన్న అటవీ ఉద్యోగి ఇంకో మాట చెప్పాడు. వచ్చే ఎండాకాలం అంతా ఆగకుండా పనిచేస్తేనే పెట్టెను ఇక్కడ ఉంచుతారు. మధ్యలో మొరాయిస్తే విప్పి ఇంకో అటవీ రేంజికి పట్టుకుపోతారు. అది మాకు కావాలంటే మాకు కావాలని మిగతా రేంజిలవాళ్లు ఇప్పటికే అడుగుతున్నారట. ఆ రోజు నుంచి చెంచురామయ్య దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. అసలు చిక్కంతా ఆ చూసుకోవడంలోనే వచ్చింది.

మార్చి నెల మధ్యలో ఒక శుక్రవారం. ఊరిచుట్టూ కల్లాల నిండా మిరపకాయ ఎర్రగా పరిచి ఉంది. రెండెకరాల మిరప, ఎకరం పత్తి చెంచురామయ్యది. ఆయన కాయ కూడా కల్లంలోనే ఉంది. మూడు గంటల వేళ, పలక తుడిచి గడ్డి కోసి మోపు కట్టబోతుండగా పడమట మబ్బు లేచింది. నల్లగా, వెడల్పుగా, గాలిని ముందు తోలుకుంటూ వస్తోంది.

ఎండబెట్టిన కాయ మీద చినుకు పడితే ఏమవుతుందో మిరప రైతుకు చెప్పక్కర్లేదు. మచ్చపడి, ధర పలకని తాలు కింద పోతుంది. అందుకే మబ్బు చూస్తే ఈ సీమలో ఎవరూ ఆలోచించరు. తింటున్న కంచం వదిలి, మాట్లాడుతున్న చుట్టాన్ని వదిలి, పట్టా చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. కింద ఊళ్లో అప్పటికే కేకలు మొదలయ్యాయి. కొండమీద చెంచురామయ్య చేతిలో పట్టా ఉంది. ఎదురుగా, ఎండలో ఆరబెట్టినట్టు, పలక ఉంది.

వానకు ఏమీ కాదని ప్రసన్నకుమార్ పదిసార్లు చెప్పాడు. ఆ సంగతి చెంచురామయ్య బుర్రకు తెలుసు. చేతులకు తెలియదు. నలభై ఏళ్లుగా అవి చేస్తున్న పనే చేశాయి. ఆయన బండ మీదికెక్కి పట్టాను పలక మీద పరిచి, నాలుగు మూలలూ స్తంభానికి లాగి, గోగునార తాడుతో గాలికి ఊడని ముడి వేశాడు. "మబ్బు పోగానే తీసేస్తాలే" అని దానికి చెప్పి, సొంత కాయ కప్పుకోవడానికి కిందికి పరిగెత్తాడు.

సగం కొండ దిగేసరికి గులకరాళ్లలో కాలు జారింది. మడమ పైన ఎముక పటుక్కుమనడం ఆయనకే వినపడింది.

వానేమో నాలుగు లావు చినుకులు రాల్చి, గాలికి చెదిరి ఎటో పోయింది.

ఊళ్లోవాళ్లు మంచం మీద మోసుకొచ్చి, ఆటోలో వినుకొండ తీసుకెళ్లారు. పిండికట్టు వేసి రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ నొప్పిలో, మందుల మత్తులో, పరామర్శకు వచ్చినవాళ్ల గోలలో, పట్టా సంగతి ఆయన తలలోంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ఆదివారం ఇంటికొచ్చాడు. సోమవారం కొండెక్కలేనని బెంగపడ్డాడు గానీ, అంతకుమించి ఏమీ తోచలేదు.

మంగళవారం పొద్దున ప్రసన్నకుమార్ ఫోను చేశాడు.

"కాలు ఎలా ఉందండీ?"

"కాలుకేం సార్, అది మంచం మీద సుఖంగా పడుంది. పెట్టె ఎట్టా ఉంది?"

"అది చెబుదామనే చేశానండీ. శుక్రవారం నుంచి బ్యాటరీ దిగిపోతూ వచ్చింది. మీరు ఆసుపత్రిలో ఉన్నారని కదిలించలేదు. నిన్న సాయంత్రం పూర్తిగా ఆగిపోయింది. అక్కడ ఎండ ఉందా?"

"మండిపోతోంది సార్."

"అయితే పలకో, లోపల ఇంకేదో పోయుంటుంది. ఆఫీసువాళ్లు ఇక ఆగరండీ. గురువారం వచ్చి విప్పుకుపోతాం."

చెంచురామయ్య మంచం మీద నుంచి కిటికీలోంచి చూశాడు. కొండ కనిపిస్తోంది, పైన స్తంభం కనిపించదు. లోయలో ఇరవై రెండు డబ్బాలు ఎవరికీ వినపడకుండా అరుస్తుంటాయేమోనని ఊహించుకున్నాడు. పత్తి కట్టె తగలబెట్టే రోజులు. చేల గట్ల మీద ఎవరో ఒకరు నిప్పు పెడుతూనే ఉంటారు. గాలి అడవి వైపే ఉంది.

సరిగ్గా అప్పుడే కల్లంలోంచి కోటేశ్వరమ్మ గొంతు వినిపించింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వినిపిస్తున్న పాటే. "మనకు ఎనిమిది పట్టాలు. ఏడే ఉన్నాయి. ఆ ఎనిమిదో పట్టా ఎవరెత్తుకెళ్లారో వాళ్ల కల్లం..."

"కోటేశ్వరమ్మా!" చెంచురామయ్య అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడంటే, అరుగు మీద కూర్చుని టీ తాగుతున్న బుడే గ్లాసు వదిలేశాడు.

ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఆయన చెప్పాడు. చెప్తుంటే చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి, మొగుడి మొహం చూసి ఆపేసింది. అంతగా పాలిపోయిన మొహం ఆవిడ బుడేను జీపులో ఎక్కించిన రోజే చూసింది.

"సరే, ఇప్పుడు కొంప మునిగిందేంది? నేనెక్కి తీసేసొస్తా. ఎవురికీ చెప్పబాకు. పెట్టె దానంతటదే బాగైందనుకుంటారు."

"నేనెల్తా చెల్లెమ్మా" అని బుడే లేచాడు. వాకిట్లోకి వెళ్లేసరికే దగ్గు అందుకుంది. ఆవిడ ఆయన్ను భుజం పట్టి కూర్చోబెట్టి, కొంగు బిగించి బయలుదేరింది.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ కొండ నీడలో ఉన్న మనిషి ఒక్కసారీ దాన్ని ఎక్కలేదు. చెవికి ఫోను ఆనించుకుని, మొగుడు చెప్పిన దారిన, మొగుణ్ని తిట్టుకుంటూ ఎక్కింది. "ఎడమకు తిరుగు." "తిరిగా." "రేగు చెట్టు కనపడిందా?" "కనపడింది, కొంగు కూడా పట్టుకుంది. వారానికి రెండుసార్లు దీని కోసమా నువ్వొచ్చేది!" పైకి చేరేసరికి ఆయాసంతో తిట్లు కూడా కరువయ్యాయి.

నీలం పట్టా బిగుతుగా ఉంది. గాలికి ఊడని ముడి. కానీ అలాంటి ముడులు మొగుడి వెనకాలే నడుస్తూ కల్లంలో ఎన్ని విప్పిందో ఆవిడకే లెక్క తెలియదు. పంటితో ఒక్కలాగు లాగితే వచ్చేసింది. పట్టా తీసి, పలకను చెంగుతో తుడిచింది.

"లైటు రాలా" అంది ఫోనులో.

"ఎండ తాగనీ. ఆకలి మీదుంది."

"ఎంతసేపు?"

"కూర్చో, బండ మీద. నేనట్టాగే కూర్చుంటా."

కూర్చుంది. కింద ఊరు చిన్నదిగా కనపడింది. కల్లాలన్నీ ఆరేసిన ఎర్ర చీరల్లా ఉన్నాయి. వాటిలో తన కల్లం ఏదో గుర్తుపట్టి, ఏడు పట్టాలూ లెక్కపెట్టుకుంది. ఇటు తిరిగితే లోయ, చెట్లు, దూరంగా వాగు ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఈ మనిషి ఇక్కడ కూర్చుని ఏం చేస్తాడోనని ఆవిడ ఆరు నెలలుగా ఊరందరితో చెప్పి నవ్వింది. ఇప్పుడు తెలిసింది. బుడే కాలిన వాగు ఇక్కణ్నుంచి సూటిగా కనిపిస్తుంది. ఆయన కూర్చునే చోట బండ నున్నగా ఉంది, మొహం అటే తిరిగుంటుంది. పాపం అనుకుంది. పైకి మాత్రం ఫోనులో, "ఏమయ్యా, నీ పెళ్లాం మాడి మసైపోతోంది, గుర్తుందా?" అంది.

గంటన్నర దాటాక ఆకుపచ్చ లైటు వెలిగింది. మళ్లీ వెలిగింది.

"వచ్చిందయ్యా!" అని ఆవిడ వేసిన కేకకు ఫోను అక్కర్లేకపోయింది.

పది నిమిషాలు కాలేదు, చెంచురామయ్యకు ఒంగోలు నుంచి ఫోను. ప్రసన్నకుమార్ గొంతు మారిపోయింది. "పెట్టె లేచిందండీ! లేస్తూనే పదకొండో చెట్టు దగ్గర పొగ అంటోంది. నిజమేనా, పిచ్చిగా పలుకుతోందా? అక్కడ చూసేవాళ్లెవరైనా ఉన్నారా?"

చెంచురామయ్య ఆ ఫోను మంచం పక్కకు వచ్చి కూర్చున్న బుడే చెవికి ఆనించి, తన పాత ఫోనులో కోటేశ్వరమ్మను అడిగాడు. "వాగు మలుపు దగ్గర, వెదురు పొద పైన చూడు."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఉంది. సన్నగా, తెల్లగా లేస్తోంది."

"తెల్లదైతే గడ్డే. ఇంకా చెట్లకు ఎక్కలా. పాత బండిదారిన రమ్మను, వాగులోంచి వద్దు!"

బుడే దగ్గుకు దగ్గుకు మధ్య ఆ మాటలన్నీ ఇంజనీరుకు చేరవేశాడు. జీపు పాత బండిదారిన వెళ్లింది. నాలుగు గంటలకల్లా మంట ఆరిపోయింది. రెండెకరాల బోదగడ్డి, కాస్త వెదురు మాడింది. మనిషికి చర్మం కూడా కమలలేదు. ఆ కబురు విన్నాక బుడే చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "రెండు క్షణాలన్నారు కదరా?" అని అడిగాడు. చెంచురామయ్య తల ఊపాడు. ఇద్దరికీ కళ్లు చెమ్మగిల్లాయి. ఇద్దరూ పొగ వల్లే అన్నట్టు తుడుచుకున్నారు, ఊళ్లో పొగ లేదు.

గురువారం ప్రసన్నకుమార్ వచ్చాడు. పొద్దుటి నుంచీ కొండమీద ప్రతి తీగా పరీక్షించి, మధ్యాహ్నం చెంచురామయ్య ఇంటికొచ్చి మజ్జిగ తాగాడు.

"అంతా బాగుందండీ. అదే నాకు బెంగ" అన్నాడు. "మొన్న అది చేసిన పనికి అందరూ మెచ్చుకుంటున్నారు. కానీ బ్యాటరీ నాలుగు రోజులు దిగుతూ వచ్చి ఎందుకు ఆగిపోయిందో కారణం రాయమన్నారు. కారణం లేకుండా ఆగిన పెట్టె రేపు మళ్లీ ఆగదని ఏమిటి నమ్మకం? తీసుకెళ్లి వేరేది పెట్టే వీలు ఇప్పట్లో లేదు. తీసెయ్యడమే."

కోటేశ్వరమ్మ మొగుడి వైపు చూసి కళ్లతోనే వద్దంది. తప్పు ఒప్పుకుంటే ఆయన్ను కొండ ఎక్కనివ్వరని ఆవిడకు తెలుసు. ఆయనకూ తెలుసు. సోమవారాలు, శుక్రవారాలు, ఆ బండ, ఆ లైటు, ఆయన బతుకులో ఈ మధ్య మిగిలిన తియ్యదనమంతా అదే. అరుగు మీద బుడే రెండు అరచేతుల మధ్య మజ్జిగ గ్లాసు పట్టుకున్నాడు. ఈసారి చెంచురామయ్య ఎటో చూడలేదు. ఆ చేతులకేసే చూశాడు.

"దాని తప్పేం లేదు సార్" అన్నాడు. "మబ్బు పట్టిందని నేనే పట్టా కప్పా."

"పట్టానా? దేనికి?"

"తడుస్తుందని."

ప్రసన్నకుమార్‌కు మజ్జిగ కొరబోయింది. దగ్గి, నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎదురుగా ఉన్న మనిషి నవ్వడం లేదని గమనించి మానేశాడు. "పెద్దాయనా, ఇది రాస్తే మీ పేరు తీసేస్తారు. నాకు ఇష్టం లేదు, కానీ తీసేస్తారు."

"రాయండి. అది ఈడ ఉండాల, అంతే. నేను ఈడ కూర్చున్నా కనపడుద్ది కొండ." అన్నాడు చెంచురామయ్య.

ఇంజనీరు రాసుకున్నాడు. తర్వాత కలం మూస్తూ, కొత్తగా ఎవరి పేరు పెట్టాలని అడిగాడు. కొండదారి తెలియాలి, పలక తుడవడం రావాలి.

"చెల్లెమ్మ ఉందిగా" అన్నాడు బుడే.

"నాకేం పనీపాటా లేదనుకున్నావా అన్నా?" అని కోటేశ్వరమ్మ గయ్యిమంది. సోమవారం పొద్దున్నే, చద్దన్నం తిని, రెండు గుడ్డముక్కలు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న చెంచురామయ్య, "ముందు పొడిగుడ్డ, తర్వాత తడిగుడ్డ" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఏప్రిల్‌లో మరో శుక్రవారం మళ్లీ మబ్బు లేచింది. ఈసారి నిజం మబ్బు. ఊరంతా పరుగులు. కర్ర సాయంతో చెంచురామయ్య కల్లంలో నిలబడి, పక్కవాళ్ల చేత ఏడు పట్టాలూ కప్పించాడు. ఎనిమిదోది చేతిలోనే ఉంది. చూపు కొండమీద ఉంది. ఫోను మోగింది.

"ఏమయ్యా, చినుకులు మొదలయ్యాయి. దిగితే జారతా, ఈడే బండ పక్కన కూర్చుంటా."

"పలక?"

"తడుస్తోంది."

ఆయన చేతులు పట్టా మీద బిగుసుకున్నాయి. "తడవనీ" అన్నాడు.

"నీకో మాట చెప్పేదా?" వాన హోరులో ఆవిడ నవ్వు వినపడింది. "నువ్వు ఆర్నెల్లు తుడిచినదానికన్నా ఈ వాన బాగా కడుగుతోంది."

ఈలోగా వాన ఊళ్లోకి దిగింది. బుడే తలమీద చేతులు పెట్టుకుని, దగ్గుతూ కల్లంలోకి వచ్చాడు. చెంచురామయ్య పట్టా విప్పి వాడి నెత్తిమీదుగా కప్పి, తనూ లోపలికి దూరాడు. కాయ రాశి పక్కన ఇద్దరూ కూర్చున్నారు. బుడే పట్టా అంచును రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకున్నాడు.

"ఒరే, లైటు కనపడుతోందా?" అని అడిగాడు.

"కనపడుతోంది" అన్నాడు చెంచురామయ్య.

కింది నుంచి అది కనిపించదని బుడేకూ తెలుసు. అయినా వాన తగ్గేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.